సనెట్టి మీద మీకు కనబడిన ఎర్ర జంతువు ఏమిటంటే

నమస్తే అండీ. మీరు పెట్టిన ఫోటో రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. ముందు జవాబు చెప్పేస్తాను, ఎలా తేల్చానో తర్వాత చెబుతాను. మొదటి ఫోటోలో ఉన్నది ఇథియోపియా తోడేలు. లోకం మొత్తం మీద ఎదిగినవి ఐదు వందలు కూడా లేవు. ఆఫ్రికా ఖండంలో కుక్క కుటుంబానికి చెందిన జంతువుల్లో ఇంతకన్నా అరుదైనది లేదు. ఆ ఉదయం మీరు నక్క తోక తొక్కి బయలుదేరారన్నమాట!

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్న కొంచెం చెప్పుకుందాం. మీ ఆయన ఇథియోపియాలో, బాలే ప్రాంతంలోని రోబె పట్టణంలో పాఠాలు చెబుతున్నారు. సెలవు రోజున కుటుంబమంతా గోబా దాటి సనెట్టి పీఠభూమి మీదుగా రీరా వైపు కారులో వెళ్ళారు. ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో రోడ్డుకి అరవై అడుగుల దూరంలో ఎర్రటి సన్నటి జంతువు తల వంచుకుని కదలకుండా నిలబడి ఉంది. డ్రైవరు దాన్ని నక్క అన్నాడు. మీ ఆయన మన నల్లమలలో తిరిగే రేచుకుక్క అన్నారు. బాబు మాత్రం కుక్క అనుకుని బిస్కెట్ విసిరాడు. ఇంకాస్త ముందుకి వెళ్ళాక పశువుల కాపరుల గుడిసె దగ్గర మూడు కుక్కల వెనకాల నడుస్తూ బూడిద, గోధుమ రంగులు కలిసిన ఇంకొకటి కనబడింది. ఈ రెండూ ఏమిటని, బిస్కెట్ వేయడం వల్ల ఏమైనా ఇబ్బందా అని అడిగారు.

నేను ఇథియోపియాలో పదకొండేళ్ళు జీవశాస్త్రం చెప్పాను. సెలవు దొరికితే బాలే కొండలే నా దారి. అందుకే ఇది కాస్త పొడుగైన జవాబు, ఓపిగ్గా చదవండి.

ఇలాంటి జంతువు కనబడితే అందరూ ముందు రంగు చూస్తారు. నేను మాత్రం అది ఎక్కడ నిలబడిందో చూస్తాను. మీరున్న చోటు సుమారు 4,000 మీటర్ల ఎత్తు. ఆ పీఠభూమి మీదే తుల్లు దిమ్తు అనే శిఖరం ఉంది. ఒరోమో భాషలో ఆ పేరుకి ఎర్ర కొండ అని అర్థం, ఎత్తు 4,377 మీటర్లు. అక్కడ పెద్ద చెట్టన్నది ఉండదు. మోకాలెత్తు బూడిదరంగు పొదలు, గడ్డి, అక్కడక్కడ మనిషిని మించి ఎదిగిన లొబీలియా మొక్కలు, అంతే. రాత్రి మంచు గడ్డకడుతుంది, మధ్యాహ్నం ఎండ చుర్రుమంటుంది. ఇలాంటి చోట ఏళ్ళ తరబడి కాపురం చేసే కుక్కజాతి జంతువు ఇదొక్కటే. ఇది 3,000 మీటర్లకి పైనే బతుకుతుంది. ఉత్తర ఇథియోపియాలో బార్లీ చేలు 3,500 మీటర్లు దాటి పైకి ఎక్కేశాయి కాబట్టి అక్కడ దానికి మిగిలిన చోటు ఇంకా తక్కువ.

స్థలం తర్వాత తోక. మీ ఫోటోలో జంతువు బొటనవేలి గోరంత ఉన్నా తోక మాత్రం స్పష్టంగా పడింది. మొదట్లో తెల్లగా, చివరికి వచ్చేసరికి సున్నంకుంచె లాగా ఒత్తుగా, నల్లగా. ఆఫ్రికాలో కుక్కజాతి జంతువుల్ని గుర్తుపట్టడానికి తోక చివర చాలా పనికొస్తుంది. ఆఫ్రికా అడవికుక్కకి తోక చివర తెల్లగా ఉంటుంది. పక్కల మీద చార ఉండే నక్కకీ తెలుపే. ఆ రెండింటినీ అక్కడికక్కడే పక్కన పెట్టేయవచ్చు. అడవికుక్క అంత ఎత్తుకి అసలు రాదని మాత్రం అనను. 1995లో సనెట్టి మీదే 4,050 మీటర్ల ఎత్తులో ఒకటి చచ్చిపడి కనబడింది. కానీ దాని ఒంటి మీద నలుపు, పసుపు, తెలుపు మచ్చలు రంగులు ఒలకబోసినట్టు ఉంటాయి, చెవులు చేటల్లా గుండ్రంగా ఉంటాయి. మీ ఫోటోలో ఉన్నదానికి చెవులు వెడల్పే అయినా కొనదేలి ఉన్నాయి.

ఇక రంగు. వీపు, డొక్కలు ఇటుక ఎరుపు. గొంతు కింద, రొమ్ము, పొట్ట, కాళ్ళ లోపలివైపు తెలుపు. ఎరుపు ఎక్కడ ఆగిందో తెలుపు ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు తెలుస్తుంది. మన ఊరకుక్కల్లో ఎర్రవాటికి ఆ రెండు రంగులూ ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి, ఇక్కడ అలా కలవవు. మీ రెండో ఫోటోలో అది తల తిప్పినప్పుడు కంటి కింద నెలవంకలా తెల్లటి గీత, బుగ్గ మీద తెల్లటి చుక్క కనబడ్డాయి. అవి చూశాక నాకు అనుమానమే లేకుండా పోయింది. రంగు కాస్త పాలిపోయి ఉంది కాబట్టి ఆడది అయి ఉండొచ్చు. ఆడవాటికి ఎరుపు తగ్గి పసుపుదనం వస్తుంది, మగవాటికన్నా ఒళ్ళు కూడా చిన్నది. మగది 14 నుంచి 19 కిలోలు తూగితే ఆడది 11 నుంచి 14 ఉంటుంది. అంటే మన వీధికుక్కంత బరువే, కాకపోతే కాళ్ళు పొడుగు, మూతి ఇంకా పొడుగు.

ఆ మూతి గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే మీరు చూసిన ఆ తల వంచుకుని నిలబడటం దానితో ముడిపడినదే. పేరుకి తోడేలే గాని బాలేలో ఇది తినేది దాదాపు అంతా ఎలుకలే. అక్కడ నేలంతా కలుగులు. ఆ ఎలుకల్లో ముఖ్యమైనది జెయింట్ మోల్ ర్యాట్ అనే పెద్ద ఎలుక. మన పందికొక్కులా నేలని తవ్వి పోస్తుంది, బాగా ఎదిగితే కిలో దాకా తూగుతుంది. బాలే కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా ఉండదు. దాని కళ్ళు తలకి బాగా పైన ఉంటాయి. కలుగులోంచి బుర్ర మాత్రం బయటపెట్టి ముందు నాలుగు దిక్కులూ చూస్తుంది. తర్వాత ఒంట్లో వెనక సగం కలుగులోనే ఉంచి, చుట్టూ అందినంత గడ్డి కొరికి, వెనక్కి వెనక్కి లోపలికి జారిపోతుంది. ఒక్కోసారి పక్కనే గోధుమరంగు చిన్న పిట్ట ఒకటి వాలి, అది తవ్విన మట్టిలో పురుగులు ఏరుకుంటుంది. పిట్ట బెదిరి లేచిందంటే ఎలుక కూడా మాయం.

తోడేలుకి ఇదంతా తెలుసు. ఒకసారి తుల్లు దిమ్తుకి వెళ్ళే మలుపు దగ్గర కారు ఇంజిన్ ఆపి నలభై నిమిషాలు ఒకదాన్ని చూస్తూ కూర్చున్నాను. అద్దం మీద నా ఊపిరి ఆవిరి పడుతుంటే చేత్తో తుడుచుకుంటూ చూశాను. అది కలుగుకి నాలుగడుగుల దూరంలో, ముందుకాలు ఒకటి గాల్లోనే ఉంచి ఆగిపోయింది. చెరువు గట్టున కొంగ చేప కోసం నిలబడినట్టే. చెవులు మాత్రం అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎలుక తల పైకి వచ్చింది, గడ్డి కొరికింది, మళ్ళీ లోపలికి పోయింది. తోడేలు పొట్ట నేలకి తాకేలా రెండడుగులు జరిగింది. ఎలుక మళ్ళీ పైకి వచ్చేసరికి ఒక్క దూకు! అందలేదు. అప్పుడు రెండు ముందుకాళ్ళతో మట్టి వెనక్కి ఎగజిమ్ముతూ భుజాల దాకా గోతిలో దిగి తవ్వింది. చివరికి మూతి లోపలికి పెట్టి లాగింది. ఆ సన్నటి పొడుగు మూతి, లోపల దూరం దూరంగా ఉన్న చిన్న పళ్ళు ఈ పనికే పనికొస్తాయి. మీరు చూసింది ఈ కథలో మొదటి సగం. మీ కారు ఇంకాస్త ఆగి ఉంటే రెండో సగం కూడా చూసేవాళ్ళేమో.

అది ఒంటరిగా ఉంది కాబట్టి తోడేలు కాదేమో అని రాశారు. ఈ అనుమానం చాలామందికి వస్తుంది. ఇవి గుంపుగానే బతుకుతాయి, ఒక గుంపులో మూడు నుంచి పదమూడు దాకా పెద్దవి ఉంటాయి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అన్నీ కలిసి ఒకదాని మూతి ఒకటి నాకి పలకరించుకుని, తమ సరిహద్దు వెంట తిరిగి, మూత్రంతో గుర్తులు పెట్టుకుని వస్తాయి. కానీ ఒక ఎలుకని పట్టడానికి ఆరుగురు ఎందుకు? పగలంతా ఎవరి వేట వాళ్ళది. ఎలుకలు ఎండ పొడకి బయటికి వస్తాయి కాబట్టి ఇవి కూడా పగలే వేటాడతాయి. రాత్రి పొదల మధ్య ఆరుబయటే ముక్కుని తోక కింద దాచుకుని చుట్టచుట్టుకుని పడుకుంటాయి. పిల్లల్ని పెట్టినప్పుడు తప్ప గుహలోకి వెళ్ళవు. ఎనిమిదిన్నరకి ఒంటరిగా కనబడటం అంటే అన్నీ సరిగ్గా సరిపోయినట్టే.

ఉత్తరాన గువాసా అనే చోట ఇవి ఇంకో పని చేస్తాయి. గెలాడా కోతులు గడ్డి మేస్తూ వందల్లో తిరుగుతుంటే వాటి మధ్యలోకి నెమ్మదిగా వెళ్ళి ఎలుకల్ని పడతాయి. 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం కోతుల మధ్య ఉన్నప్పుడు వేసిన దాడుల్లో 67 శాతం ఫలించాయి, ఒంటరిగా ఉన్నప్పుడు 25 శాతమే. పక్కనే కోతిపిల్లలు తిరుగుతున్నా తోడేలు వాటి జోలికి పోదు. పోయిందంటే ఆ మందలోకి మళ్ళీ రానివ్వరు కదా!

రేచుకుక్క సంగతి. మీ ఆయన అలా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మనకి తెలిసిన అడవి జంతువుల్లో ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోక ఉన్నది అదే మరి. కానీ రేచుకుక్క ఆసియాది, ఆఫ్రికాలో లేదు. దాని మూతి పొట్టి, చెవుల కొనలు గుండ్రం. గుంపుగా దుప్పిని తరిమి పడగొట్టే జంతువు అది. నాలుగడుగుల దూరంలో ఎలుక కోసం నిలబడి ఎదురుచూసే ఓపిక దాని వేటలో కనబడదు.

డ్రైవరు మాట కూడా తప్పేం కాదు. అమ్హారిక్‌లో దీన్ని కెయ్ కెబెరో అంటారు, ఎర్ర నక్క అని. ఇంగ్లీషులో కూడా ఒకప్పుడు సిమియన్ నక్క అనే రాసేవాళ్ళు. 1994లో జన్యువులు పరీక్షించాక ఇది నక్కలకన్నా యూరప్, ఆసియాల్లో ఉండే బూడిదరంగు తోడేలుకి దగ్గరి చుట్టమని తేలింది. ఒరోమోలో దీని పేరు జీడల ఫర్దా, అంటే గుర్రపు నక్క. ఈనబోయే గుర్రాల వెంట, ఆవుల వెంట తిరిగి, ఈనగానే పడే మావి తింటుందని ఆ పేరు. కొండ మీద పశువులతో బతికినవాళ్ళు తప్ప ఇంకెవరూ పెట్టలేని పేరు అది. నాకు అన్ని పేర్లలోకీ అదే ఇష్టం.

నక్కల సంగతి వచ్చింది కాబట్టి నేను పొరబడిన ఒక సందర్భం చెబుతాను, మీకు ముందుముందు పనికొస్తుంది. మొదటి ఏడాది దిన్షో దగ్గర, అంటే బాలే కొండల జాతీయ పార్కు ఆఫీసు ఉన్న ఊరి కింద పచ్చికబయల్లో, సాయంత్రం ఎండలో బంగారు రంగులో మెరుస్తున్న ఒకదాన్ని చూసి ఇథియోపియా తోడేలు అని డైరీలో రాసుకున్నాను. మర్నాడు సనెట్టి మీద అసలుదాన్ని చూశాక తప్పు తెలిసింది. నేను చూసింది ఆఫ్రికా బంగారు తోడేలు. మన పొలాల గట్ల మీద రాత్రి ఊళ పెట్టే నక్క, అదీ ఒకటేనని పుస్తకాల్లో ఉండేది. 2015లో జన్యువుల ఆధారంగా రెండూ వేరు జాతులని తేల్చారు. సాయంత్రపు ఎండలో ఏ జంతువైనా ఎర్రగానే కనబడుతుంది, కాబట్టి రంగుని నమ్మకండి. బంగారు తోడేలుకి వీపు మీద నలుపు, బూడిద వెంట్రుకలు కలగలిసి ఉంటాయి, గొంతు దగ్గర ఆ గీత గీసినట్టుండే తెలుపు ఉండదు. వీపు మీద నల్లటి జీను వేసినట్టు ఉంటే నల్లవీపు నక్క. దానికీ తోక చివర నలుపే, కానీ ఆ జీను చూస్తే ఎవరైనా పట్టేస్తారు.

ఇక కాపరుల గుడిసె దగ్గర కనబడిన రెండోది. ఫోటో కదిలిపోయింది, అయినా తోక పైకి లేచి చక్రంలా మెలి తిరిగి ఉంది. అడవిలో పుట్టిన ఏ తోడేలూ, నక్కా నడిచేటప్పుడు తోకని అలా వీపు మీదకి చుట్టుకోదు. మూతి పొట్టిగా, నుదుటి దగ్గర మెట్టులా ఉంది. అది కుక్కే. మీరు అడిగిన సంకరజాతి అనుమానం మాత్రం మంచి ప్రశ్న. బాలేలోనే వేబ్ లోయలో 1990ల్లో ఆడ తోడేళ్ళకి ఊరకుక్కలతో పిల్లలు పుట్టిన సంగతి బయటపడింది. వాటికి మూతి పొట్టిగా, ఒళ్ళు బరువుగా, రంగు తేడాగా ఉండేది. మీ ఫోటోలో ఉన్నదానికి తోడేలు పోలిక ఒక్కటి కూడా లేదు. అయినా ఆ ఫోటో చూస్తే నాకు మొదటి ఫోటో చూసిన సంతోషం సగం పోయింది. ఎందుకో చెబుతాను.

ఈ తోడేళ్ళని చంపుతున్నది తుపాకీ కాదు, కుక్కల ద్వారా వచ్చే రోగాలు. బాలేలో రేబిస్ 1991-92లో వచ్చింది. మళ్ళీ 2003-04లో, 2008-09లో, 2014లో వచ్చింది. ఇవి కాక 2006, 2010, 2015ల్లో డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ రోగం, అదీ కుక్కల నుంచి సోకేదే. గుంపులో ఒకరి మూతి ఒకరు నాకి పలకరించుకుంటారని పైన రాశాను కదా, ఆ ప్రేమే వాటి ప్రాణం మీదకి వస్తుంది. ఒకదానికి సోకిందంటే గుంపంతా పోవచ్చు. లోకంలో మిగిలినవాటిలో సగానికి పైగా ఈ బాలే కొండల్లోనే ఉన్నాయి కాబట్టి, ఇక్కడ ఒక ఏడాది మహమ్మారి వస్తే జాతి మొత్తం గజగజలాడుతుంది. కాపరుల్ని నిందించలేం. హైనాలు తిరిగే చోట రాత్రి మందని కాయాలంటే వాళ్ళకి కుక్క లేకుండా కుదరదు. అందుకే ఇథియోపియా తోడేళ్ళ సంరక్షణ కార్యక్రమం వాళ్ళు ఏటా ఊళ్ళు తిరిగి వేల కుక్కలకి టీకాలు వేస్తారు. 2018 నుంచి తోడేళ్ళకి కూడా వేస్తున్నారు, నోటి ద్వారా. మేకమాంసం ముక్కలో టీకా మందు పెట్టి రాత్రిపూట వాటి దారిలో వదులుతారు, అది కొరికితే మందు నోట్లోకి వెళ్తుంది.

బిస్కెట్ గురించి ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. బాబుని ఏమీ అనకండి, చిన్నపిల్లాడు, జంతువు మీద ప్రేమతోనే విసిరాడు. కానీ ఇంకెప్పుడూ వద్దు. రోడ్డు పక్కన తిండి దొరుకుతుందని ఒకసారి అలవాటైతే అది కారు చప్పుడు వింటే పారిపోయే బదులు దగ్గరికి వస్తుంది. సనెట్టి రోడ్డు మీద బళ్ళ కింద పడి చచ్చిన తోడేళ్ళున్నాయి. పైగా రోడ్డు పక్కన పడేసిన తిండికి కుక్కలు కూడా చేరతాయి, రెండూ ఒకచోట మూతి పెడితే ఏమవుతుందో పైన చెప్పాను. ఆ కొండ మీద మనిషి చేతి నుంచి తోడేలుకి అందాల్సింది ఆ టీకా ముక్క ఒక్కటే. ఇంకొకటి, మీ పెంపుడు కుక్కని కారులో తీసుకెళ్దామనే ఆలోచన ఉంటే మానుకోండి.

బాబుకి చెప్పడానికి ఒక మంచి సంగతి ఉంది. ఈ తోడేళ్ళు పూలలో తేనె కూడా నాకుతాయి. బాలేలో పొడుగాటి కాడకి ఎర్రగా, పసుపుగా కంకిలా పూసే పువ్వు ఒకటి ఉంది. కాపరుల పిల్లలు ఆ పూలు నాకడం చూసే ఒక శాస్త్రవేత్తకి ఆ రుచి తెలిసింది, తర్వాత తోడేళ్ళు కూడా అదే పని చేస్తుండటం చూశారు. ఆ పరిశోధన 2024లో వచ్చింది. ఒకటైతే ఒక్క విడతలో ముప్పై పూల దాకా నాకింది, మూతి నిండా పుప్పొడి అంటించుకుని తిరిగింది. అలా పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి మోసే మొదటి పెద్ద మాంసాహారి ఇదే కావచ్చంటున్నారు.

మళ్ళీ వెళ్ళినప్పుడు రెండు పనులు చేయండి. పీఠభూమి మీద కారు నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకి ముందే చెప్పండి. తోడేలు కనబడితే ఇంజిన్ ఆపి లోపలే కూర్చోండి, అది దాని పని అది చేసుకుంటుంది. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే పిల్లలు గుహ బయటికి వచ్చి ఆడుకునే కాలం. అప్పుడు ఏ గుట్ట దగ్గరైనా రెండు మూడు తోడేళ్ళు కదలకుండా కూర్చుని కనబడితే దిగి నడిచి దగ్గరికి వెళ్ళకండి. బెదిరితే పిల్లల్ని నోట కరుచుకుని ఆ చలిలో వేరే గుహకి మారుస్తాయి.

మీ మొదటి ఫోటోని తేదీ, సమయం, కారు ఆగిన చోటు రాసి దిన్షోలో పార్కు ఆఫీసులో ఇవ్వండి. రెండోది కూడా ఇవ్వండి, గుడిసె ఎక్కడుందో చెప్పి. టీకా వేసేవాళ్ళకి ఆ కుక్కలు ఎక్కడున్నాయో తెలియడం మొదటి ఫోటోకన్నా ఎక్కువ అవసరం.